పాఠకుల లెక్క ఎవరి చేతిలో ఉండాలి? తెలుగు వెబ్ పత్రికల సంపాదక వర్గాలకు బహిరంగ లేఖ

తెలుగు వెబ్ పత్రికలు, సాహిత్య సంస్థల వెబ్‌సైట్లు, డిజిటల్ గ్రంథాలయాలు నడుపుతున్న సంపాదక, నిర్వాహక వర్గాల సభ్యులకు,

నమస్కారం.

2024 జులై రెండో వారంలో మా పత్రిక సంపాదకులు నన్ను ఒక చిన్న ప్రశ్న అడిగారు. పత్రిక మొదలైననాటి నుంచి పాఠకులు ఎక్కువగా చదివిన ఇరవై కథలేవో చెబితే, వాటిలోంచి కొన్ని ఎంచి సంకలనం వేద్దామని వారి ఆలోచన. అచ్చు పత్రికకు లేని సౌకర్యం వెబ్ పత్రికకు ఉందని, ఏ కథను ఎన్నిసార్లు తెరిచారో లెక్క ఎప్పుడూ భద్రంగా ఉంటుందని వారి ధీమా. ఆ ధీమా కలిగించినవాణ్ణి నేనే. తీరా ఆ లెక్క రాసుకునే గూగుల్ అనలిటిక్స్ ఖాతా తెరిచి చూస్తే 2023 మధ్యనుంచి నమోదైన లెక్క మాత్రమే కనిపించింది. అంతకుముందు పదకొండేళ్ల లెక్క మచ్చుకైనా లేదు. ఆ లెక్క తొలగిపోతుందని ఎంతో ముందే ప్రకటన వచ్చింది, హెచ్చరిస్తూ ఈమెయిళ్లు వచ్చాయి, దింపుకోవడానికి గడువు కూడా ఇచ్చారు. చూద్దాం, చేద్దాం అంటూ వాయిదా వేసినవాణ్ణి నేను. తప్పు పూర్తిగా నాది. సంకలనం ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు ఈ లేఖ రాయడానికి కారణం, మనలో చాలామంది మళ్లీ అదే మలుపు దగ్గర నిలబడి ఉండటం. కొందరు ఆ గూగుల్ సేవ కొత్త రూపమైన అనలిటిక్స్ 4 అర్థంకాక విసిగి వేరే వ్యవస్థకు మారాలనుకుంటున్నారు. కొందరు హోస్టింగ్ (సైటును ఉంచే సర్వర్ సేవ) మారుస్తూ దానితోపాటు ఈ లెక్క వ్యవస్థనూ మారుస్తున్నారు. మరికొందరు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం నియమాలు వచ్చాక, తమ సైటులో ఉన్న ట్యాగులు (లెక్క కోసం పేజీలో అతికించే కోడ్ ముక్కలు) ఏమేం పోగుచేస్తున్నాయో తెలియక కంగారు పడుతున్నారు. ఈ మూడు సందర్భాల్లోనూ జరుగుతున్నది ఒకటే: సంపాదక వర్గం ఆ పనిని 'సైటు చూసే అబ్బాయి'కి అప్పగించి ఊరుకుంటోంది. పన్నెండేళ్లు నేను ఆ అబ్బాయిగా ఉన్నాను కనుక ధైర్యంగా చెబుతున్నాను. పాఠకుల గురించి ఏమి తెలుసుకోవాలి, ఏమి తెలుసుకోకూడదు, ఆ లెక్క ఎవరి దగ్గర ఉండాలి అన్నవి కథల ఎంపికలాగే సంపాదక వర్గం కూర్చుని తేల్చవలసిన విషయాలు. కోడ్ అతికించడం పది నిమిషాల పని. దానికి మనిషి ఎవరైనా దొరుకుతారు.

కిందటిసారి ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పటికీ చాలామంది అది కేవలం పేరు మార్పనే అనుకుంటున్నారు. గూగుల్ 2005లో అర్చిన్ అనే చిన్న సంస్థను కొని, అదే ఏడాది నవంబరులో గూగుల్ అనలిటిక్స్‌ను ఉచితంగా అందరికీ ఇచ్చింది. పాఠకుడు ఎక్కడినుంచి వచ్చాడో తెలియడానికి ఇవాళ మనం లింకుల చివర తగిలించే 'యూటీఎం' గుర్తుల్లోని మొదటి అక్షరం ఆ అర్చిన్ పేరులోనిదే. 2012లో యూనివర్సల్ అనలిటిక్స్ వచ్చింది. మన పత్రికల్లో చాలావాటి లెక్క దాదాపు పదేళ్లు అందులోనే సాగింది. 2020 అక్టోబరులో అనలిటిక్స్ 4 వచ్చింది. పాతది 2023 జులై 1 నుంచి కొత్త లెక్క తీసుకోదని 2022 మార్చిలో ప్రకటించారు. ఆ తరువాత ఏడాదికి, 2024 జులై 1 నుంచి, పాత నివేదికలకు దారి మూసేసి డేటాను తొలగించారు. పాతదాంట్లోని లెక్కను కొత్తదాంట్లోకి తెచ్చుకునే మార్గం ఇవ్వలేదు. నిర్మాణం రీత్యా ఇవ్వడం కష్టం కూడా. పాత వ్యవస్థ పాఠకుడి రాకను ఒక 'సెషన్'గా, అందులో తెరిచిన పేజీలను దాని భాగాలుగా రాసుకునేది. కొత్తది పేజీ తెరవడం, కిందికి జరపడం, ఫైలు దింపుకోవడం అన్నింటినీ విడివిడి 'ఈవెంట్లు'గా రాసుకుంటుంది. పాత ఖాతా పుస్తకంలోని గడులు వేరు, కొత్తదానిలోని గడులు వేరు.

సిద్ధపడని ఖాతాదారుల కోసం 2023లో గూగుల్ తానే కొత్త ఖాతాలను తయారుచేసి పెట్టింది. అందువల్ల ఎవరూ నిర్ణయం తీసుకోకుండానే చాలా తెలుగు సైట్లు మారిపోయాయి. ఈమధ్య నాలుగైదు సైట్ల పేజీల వెనక ఉన్న కోడ్ తెరిచి చూశాను. రెండింటిలో పనిచేయని పాత ట్యాగు ఇంకా అలాగే ఉంది. చనిపోయినవారి పేరుమీద ఉత్తరాలు వేస్తున్నట్టు ప్రతి పాఠకుడి బ్రౌజరూ దాన్ని దింపుకుంటూనే ఉంది.

మారడంలో మొదటి చిక్కు, కొత్త అంకెను పాత అంకె పక్కన పెట్టి పోల్చడం. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఈ పోలికవల్ల సాహిత్య పత్రికలకు నిజంగా నష్టం జరిగింది. పాత వ్యవస్థలో ఒకే పేజీ తెరిచి వెళ్లిపోయినవారిని 'బౌన్స్' కింద జమకట్టేవారు. పేజీ మీద గడిపిన సమయాన్ని, ఆ తరువాత తెరిచిన పేజీ వేళనుబట్టి లెక్కగట్టేవారు. అంటే ఒక పాఠకురాలు వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి, నలభై నిమిషాలు కూర్చుని పెద్ద కథ ఆసాంతం చదివి, కళ్లు తుడుచుకుని ఫోను పక్కన పెడితే, ఆమె గడిపిన సమయం సున్నా, ఆమె రాక ఒక బౌన్స్. నాలుగు పేజీలు గబగబా తిరగేసి ఏదీ చదవకుండా పోయినవాడు మంచి సందర్శకుడు. 'పెద్ద కథల దగ్గర బౌన్స్ రేటు ఎక్కువగా ఉంది, నిడివి తగ్గించమందాం' అని ఒక సమావేశంలో నిర్ణయం జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ అంకె అర్థమేమిటో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆ నిర్ణయంవల్ల ఎన్ని మంచి కథలు కురచ అయ్యాయో చెప్పలేను.

ఈ విషయంలో కొత్త వ్యవస్థ పాతదానికంటే నయమని ఒప్పుకోవాలి. పది సెకన్లకు మించి సాగిన రాకను, లేదా రెండు పేజీలైనా తెరిచిన రాకను, లేదా సైటువాళ్లు ముఖ్యమని గుర్తుపెట్టిన పని ఏదైనా జరిగిన రాకను అది 'ఆసక్తి చూపిన సెషన్'గా లెక్కిస్తుంది, మిగిలినవే బౌన్స్. పేజీ తెర మీద ఎదురుగా ఉన్నంతసేపు సమయం కూడా కొలుస్తుంది. కాబట్టి మారిన మరుసటి నెల బౌన్స్ రేటు సగానికి పడిపోతే, అది పత్రిక మెరుగుపడినందుకు కాదు, నిర్వచనం మారినందుకు. అలాగే పాతదాంట్లో 'యూజర్లు' అంటే వచ్చినవారందరూ. కొత్తదాంట్లో అదే పేరుతో ముందు కనిపించేది 'యాక్టివ్ యూజర్లు'. పాతదాంట్లో అర్ధరాత్రి దాటితే సెషన్ తెగి కొత్తది మొదలయ్యేది. కొత్తదాంట్లో అలా తెగదు. రాత్రి పదకొండున్నరకు నవల మొదలుపెట్టి ఒంటిగంటకు ముగించేవారు మన పాఠకుల్లో తక్కువేమీ కాదు. వార్షిక నివేదికలో రెండు వ్యవస్థల అంకెలను ఒకే గీతగా కలిపి గీసినవారు దయచేసి ఆ గీతను తెంపండి. మారిన తేదీ దగ్గర ఒక నిలువు గీత పెట్టి, 'ఇక్కడినుంచి కొలత వేరు' అని రాయండి.

తెలుగు సైట్లకు ప్రత్యేకమైన చిక్కులు ఇంకొన్ని ఉన్నాయి. ఇంగ్లీషు సైట్ల కోసం రాసిన సలహాల్లో ఇవి దొరకవు కనుక కాస్త వివరిస్తాను. వెబ్ చిరునామాలో తెలుగు అక్షరం నేరుగా ప్రయాణించదు. యూనికోడ్‌లో మన ప్రతి అక్షరమూ, ప్రతి గుణింతపు గుర్తూ మూడేసి బైట్లు. ఒక్కో బైటు చిరునామాలో శాతం గుర్తుతో కలిపి మూడు స్థానాలు తీసుకుంటుంది. 'తెలుగు' అన్న చిన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. చిరునామాలోకి వెళ్లేసరికి అది 54 స్థానాలవుతుంది. వర్డ్‌ప్రెస్ అనే సైటు నడిపే సాఫ్ట్‌వేర్ అయితే చిరునామాలో శీర్షిక భాగాన్ని 200 స్థానాల దగ్గర కోసేస్తుంది, అంటే అక్షరాలూ గుర్తులూ కలిపి 22 దాటగానే శీర్షిక తెగుతుంది. నివేదిక తెరిస్తే కథ పేరుండవలసిన చోట చాలాసార్లు శాతం గుర్తుల గొలుసు కనిపిస్తుంది. సంపాదకులకు అది చూపించి 'ఇదిగో మీ పాఠకులు' అనడం కంటే చూపించకపోవడం మేలు. అందుకని కొత్త వ్యవస్థకు మారేటప్పుడే ప్రతి రచనకూ ఒక సంఖ్య, రచయిత పేరు, శీర్షిక విభాగం పేజీనుంచే పంపేలా ఏర్పాటు చేసుకోవాలి. తరువాత చేసుకుందామంటే వెనకటి లెక్కకు అది వర్తించదు.

శీర్షికల విషయంలో ఇంకో సూక్ష్మం ఉంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో పొల్లు తరువాత కంటికి కనబడని విడదీసే గుర్తును కొందరు టైపు చేస్తారు, కొందరు చేయరు. ప్రూఫులు దిద్దేవారు ప్రచురణ తరువాత ఆ గుర్తును చేర్చినా, తీసినా, శీర్షికలవారీ నివేదికలో అదే రచన రెండు వరుసలుగా చీలిపోతుంది. చూసేవారికి రెండూ ఒకే మాటగా తోస్తాయి, తేడా ఒక వత్తులో మాత్రమే. సైటులో పాఠకులు వెతికిన మాటల జాబితా కూడా ఇలాగే ముక్కలవుతుంది. ఒకే రచయిత పేరును నాలుగు విధాలుగా రాసి వెతికితే నాలుగు వరుసలు. మనకు దిద్దుబాట్లు చేసే అలవాటు ఎక్కువ కనుక ఇది చిన్న విషయమేమీ కాదు. మొదట చెప్పిన రచన సంఖ్యే దీనికీ మందు.

వాట్సాప్ సంగతి అందరికీ తెలిసిందే కానీ లెక్కలో అది కనిపించదు. సందేశంలోని లింకు నొక్కి వచ్చినవారు ఎక్కడినుంచి వచ్చారో సాధారణంగా బ్రౌజరుకు తెలియదు, కాబట్టి వారందరూ 'డైరెక్ట్' అన్న గడిలో పడతారు. చిరునామా కంఠతా వచ్చి టైపు చేసినవారుగా వారిని భావించి మురిసిపోయిన సంపాదకులున్నారు. ఫేస్‌బుక్ యాప్‌లో లింకు నొక్కితే అది తన సొంత బ్రౌజరులో తెరుచుకుంటుంది. అదే మనిషి మర్నాడు క్రోమ్‌లో వస్తే ఇద్దరుగా లెక్క. ఐఫోన్‌లోని సఫారీ 2019 నుంచి, పాఠకుణ్ణి మళ్లీ గుర్తుపట్టడానికి పేజీలోని కోడ్ బ్రౌజరులో పెట్టిన కుకీ అనే గుర్తును ఏడు రోజులకే చెరిపేస్తుంది. నెలకొకసారి వెలువడే పత్రికకు దీని ఫలితం ఏమిటో ఆలోచించండి: పదేళ్లుగా ప్రతి సంచికా చదివే అమెరికా పాఠకుడు, ఐఫోన్ వాడుతున్న పాపానికి, ప్రతి నెలా 'కొత్త సందర్శకుడి'గానే నమోదవుతాడు. 'కొత్త పాఠకులు పెరుగుతున్నారు, పాతవారు నిలబడటం లేదు' అన్న నిట్టూర్పుల్లో ఎంత భాగం ఈ ఏడు రోజుల కుకీదో ఎవరికి తెలుసు?

కాలమానం దగ్గర కూడా జాగ్రత్త పడాలి. గూగుల్ కొత్త ఖాతా తెరిచేటప్పుడు ముందుగా చూపేది అమెరికా పశ్చిమ తీరపు సమయం. దాన్ని మార్చకుండా వదిలేస్తే, అక్కడి వేసవి కాలంలో ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర వరకు మన దగ్గర చదివినవారంతా శనివారం ఖాతాలో పడతారు. ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ అనుబంధం చదివే అలవాటు వెబ్‌లో ఉందా లేదా అని చూడదలచినవారికి ఈ ఒక్క పొరపాటు చాలు, అంతా తలకిందులవడానికి. మన పండుగల సంగతి మరీను. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ఏ వ్యవస్థ అయినా 'గత ఏడాది ఇదే వారంతో పోలిస్తే' అంటూ చూపే శాతాలు ఉగాది ప్రత్యేక సంచిక విషయంలో అక్కరకు రావు. పండుగనుంచి రోజులు లెక్కపెట్టి మనమే పోల్చుకోవాలి. ఇక అనలిటిక్స్ 4లో పాఠకుల వారీ వివరాలు మొదట రెండు నెలలకే నిలవ ఉంటాయి. ఉచిత ఖాతాలో దాన్ని గరిష్ఠంగా 14 నెలలకు పెంచుకోవచ్చు. మొత్తాల నివేదికలు అంతకుమించి నిలిచినా, లోతుగా తరచి చూసుకునే విభాగానికి ఈ గడువే హద్దు. రెండు నెలల గడువుతో ఉన్న పత్రిక కిందటి ఉగాదికీ ఈ ఉగాదికీ మధ్య పాఠకుల నడకను తరచి చూసుకోలేదు.

డిజిటల్ గ్రంథాలయాల వారికి ప్రత్యేకంగా ఒక మాట. మీ దగ్గర ఉన్న పాత పుస్తకాలు, పత్రికల సంచికలు ఎక్కువగా పీడీఎఫ్‌లు. పేజీలో పెట్టే కోడ్ పీడీఎఫ్‌లో పనిచేయదు. సైటులోని లింకు నొక్కి ఫైలు తెరిచినవారిని లెక్కించగలదు కానీ, గూగుల్‌లో వెతికి నేరుగా ఫైలు దగ్గరికే వచ్చినవారి జాడ దానికి తెలియదు. ఒక ఫైలు లింకును విద్యార్థులు తమలో తాము పంచుకుంటే ఆ చదువంతా లెక్కకు అందదు. ఆ లెక్క దొరికేది, సైటును ఉంచిన కంప్యూటరు రాసుకునే చిట్టా అయిన సర్వర్ లాగ్‌లో మాత్రమే. లాగ్ ప్రతి ఫైలు అభ్యర్థననూ రాసుకుంటుంది. అయితే మనుషులతోపాటు వెతుకులాట యంత్రాలను, ఇప్పుడు కృత్రిమ మేధ సంస్థలు పంపే సేకరణ యంత్రాలను కూడా రాసుకుంటుంది కనుక వడగట్టుకోవాలి. మీకు కొత్త అనలిటిక్స్ వ్యవస్థ అమ్మజూపేవారిని ముందుగా అడగవలసిన ప్రశ్న, అది సర్వర్ లాగులను చదవగలదా అని.

ఇక అసలు విషయానికి వస్తాను. మన గ్రంథాలయాల్లో బల్ల మీద ఒక రిజిస్టరు ఉంటుంది. లోపలికి వచ్చినవారు పేరు రాసి సంతకం పెడతారు. 1901లో హైదరాబాదులో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అయినా, 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం అయినా, మన మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయం అయినా, చదువరుల లెక్క ఉండవలసిన చోటు ఆ గ్రంథాలయమే. దాన్ని రోజూ నకలు తీసి ప్రకటనల వ్యాపారం చేసే సంస్థకు పంపుతామంటే, అందుకు ప్రతిఫలంగా వాళ్లు మనకు రిజిస్టరు పుస్తకం ఉచితంగా ఇస్తామంటే, ఆ గ్రంథాలయ కార్యవర్గం ఒప్పుకుంటుందా? మనం ఒప్పుకున్నాం, నిజానికి మనల్ని ఎవరూ అడగనే లేదు, మేము కోడ్ అతికించాం, మీకు అంకెలు చూపించాం. ఒక పాఠకుడు ఏ కులం గురించిన వ్యాసం చదివాడు, ఏ రాజకీయ ఖైదీ ఉత్తరాలు చదివాడు, అర్ధరాత్రి ఏ కవిత మళ్లీ మళ్లీ తెరిచాడు అన్నది ఆ పాఠకుడి సొంత విషయం. అనలిటిక్స్ 4 ఐపీ చిరునామాలను (పాఠకుడి ఇంటర్నెట్ కనెక్షన్ సంఖ్యలను) నిలవ చేయదని గూగుల్ చెబుతుంది, అది మెరుగే. అయినా ఒకే గుర్తింపు సంఖ్యతో ఆ బ్రౌజరు నడక అంతా వేరొకరి సర్వరులో ఉంటుందన్నది మారదు.

యూరప్‌లో ఈ వాదన చట్టం దాకా వెళ్లింది. గూగుల్ అనలిటిక్స్ ద్వారా డేటా అమెరికాకు తరలడం అక్కడి డేటా రక్షణ చట్టానికి విరుద్ధమని 2022లో ఆస్ట్రియా, ఫ్రాన్స్, ఇటలీల నియంత్రణ సంస్థలు వేర్వేరు ఫిర్యాదులపై తేల్చాయి. 2023 జులైలో యూరప్, అమెరికాల మధ్య కొత్త ఒప్పందం కుదిరాక ఆ ఒత్తిడి కొంత సడలింది. అక్కడి న్యాయం మనకు నేరుగా వర్తించదు. అయితే జర్మనీలోనో ఐర్లండ్‌లోనో ఉన్న తెలుగువారి కోసం ప్రత్యేకంగా నడుస్తున్న సంఘాల సైట్లు ఆ చట్టం తమకు సంబంధించదనుకోవడం పొరపాటు.

మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన ప్రధాన బాధ్యతలకు పద్దెనిమిది నెలల వ్యవధి ఇచ్చారు. నేను న్యాయవాదిని కాను. మీ సైటుకు ఏది ఎంతవరకు వర్తిస్తుందో తెలిసినవారిని అడగండి. సామాన్య పాఠకుడిగా చదివినా రెండు విషయాలు కళ్లకు కడతాయి. మొదటిది, సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకునే వీలు కల్పించాలని చట్టం అంటుంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. పత్రికంతా తెలుగులో నడుపుతూ, కుకీల నోటీసు ఒక్కటి అర్థంకాని ఇంగ్లీషులో పెట్టుకోవడం మనకు మర్యాద కూడా కాదు. రెండోది, పద్దెనిమిదేళ్లు నిండనివారి నడవడిని వెంటాడి గమనించకూడదని చట్టం చెబుతుంది. కొన్ని మినహాయింపులున్నా, బాలల శీర్షిక నడిపే పత్రికలు, బడిపిల్లలు వాడే పద్యాల సైట్లు ఆ పేజీల్లోనైనా ట్రాకింగ్ కోడ్ తీసేయడం గురించి ఇప్పుడే ఆలోచించాలి.

మరి దేనికి మారాలి? ఈ ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. నా మొగ్గు మాత్రం చెబుతాను. ప్రకటనల ఆదాయంతో నడిచే సైట్లకు, గూగుల్ ప్రకటనలు కొనేవారికి అనలిటిక్స్ 4ను వదలడం తేలిక కాదు, వారిని వదలమనడం లేదు. చందాలతో, సొంత డబ్బుతో నడిచే సాహిత్య పత్రికకు ఆ బంధమేమీ లేదు. 2007లో పివిక్ అన్న పేరుతో మొదలై 2018లో పేరు మార్చుకున్న మాటోమో అనే వ్యవస్థ ఉంది. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్; వర్డ్‌ప్రెస్ నడిచే మామూలు హోస్టింగ్‌లోనే నడుస్తుంది; లెక్క అంతా మన డేటాబేసులోనే ఉంటుంది. ఐపీ చిరునామాలో కొంత భాగాన్ని చెరిపేసేలా, కుకీలు లేకుండా పనిచేసేలా దాన్ని అమర్చుకోవచ్చు. సర్వర్ లాగులను కూడా చదువుతుంది. ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ కూడా, తాను చెప్పిన విధంగా అమర్చుకుంటే సమ్మతి అడగకుండానే వాడుకోదగిన వాటిలో దాన్ని చేర్చింది. వికీపీడియాను నడిపే సంస్థ సైతం తన చిన్న సైట్లు కొన్నిటికి దీన్నే వాడుతోంది.

లోపాలు లేవనడం లేదు. డేటాబేసు ఏడాదికేడాది ఉబ్బుతుంది, చవక హోస్టింగ్‌లో నివేదికలు నత్తనడక నడుస్తాయి, భద్రతా మార్పులను ఎప్పటికప్పుడు వేసుకునే మనిషి ఒకరుండాలి. అంత ఓపిక లేనివారికి ప్లాజిబుల్ వంటి తేలికపాటి వ్యవస్థలున్నాయి. దాని కోడ్ చాలా చిన్నది, కుకీలు వాడదు. గుర్తింపును ఏ రోజుకారోజు చెరిపేసుకుంటుంది కనుక, నెలలో ఐదు రోజులు వచ్చిన పాఠకుడిని ఐదుగురిగా లెక్కిస్తుంది. ఈ సంగతి ముందే తెలుసుకుని ఒప్పుకుంటే ఇబ్బంది లేదు. 'నెలకు ఎంతమంది పాఠకులు' అని నిధులిచ్చేవారికి రాసే దరఖాస్తులో మాత్రం ఆ అంకెను అలాగే ఎత్తి రాయకూడదు.

మారే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. పాత వ్యవస్థనుంచి నెలలవారీగా, రచనలవారీగా, దేశాలవారీగా మొత్తాలను మామూలు పట్టికల ఫైళ్లుగా దింపి, కనీసం ముగ్గురి దగ్గర దాచండి. ఇది చేశాకే మిగతా పని మొదలుపెట్టండి. పాతదీ కొత్తదీ కనీసం రెండు సంచికల కాలం పక్కపక్కనే నడపండి. రెండూ ఒకే అంకె ఇవ్వవు, ఇవ్వాలని చూడవద్దు. తేడా ఎంత నిష్పత్తిలో ఉందో తెలిస్తే చాలు, పాత పట్టికలు మళ్లీ ప్రాణం పోసుకుంటాయి. మీరు పంచే లింకుల చివర యూటీఎం గుర్తులు పెట్టేటప్పుడు 'వాట్సాప్' అన్న మాటను అందరూ ఒకే విధంగా రాసేలా ఒక కాగితం మీద నియమం పెట్టుకోండి. గడువు తీరిన ట్యాగులను పేజీలోంచి తీసేయండి.

వీటన్నిటికంటే ముందు సంపాదక వర్గం ఒక గంట కూర్చుని, పాఠకుల గురించి తనకు నిజంగా ఏం తెలియాలో తేల్చుకోవాలి. నా అనుభవంలో ఆ జాబితా ఎప్పుడూ చిన్నదే. ఏ రచనలను ఎక్కువగా తెరుస్తున్నారు, పెద్ద రచనలను చివరిదాకా చదువుతున్నారా, పాత సంచికలకు ఎవరైనా వస్తున్నారా, ఎక్కడెక్కడి తెలుగువారు చదువుతున్నారు. ఇంతకుమించి ఏ సంపాదకులూ నన్ను అడిగిన జ్ఞాపకం లేదు. 'చివరిదాకా' అన్న ప్రశ్నకు మాత్రం అనలిటిక్స్ 4 తనంతట ఇచ్చే జవాబును నమ్మవద్దు. పేజీలో తొంభై శాతం కిందికి జరిగితేనే అది గుర్తిస్తుంది. కథ కింద యాభై అభిప్రాయాలున్న పేజీలో కథ ముగిసేది సగం దగ్గరే. కథ చివరి పేరా తెర మీదికి రాగానే నమోదయ్యేలా విడిగా ఒక ఏర్పాటు చేయించుకోండి. ఈ నాలుగు ప్రశ్నలకు ఎవరి వయసూ, ఎవరి అభిరుచులూ, ఎవరి ఫోను నమూనా అక్కరలేదు.

ఇంకో సూచన, కొందరికి రుచించకపోవచ్చు. ఆ నాలుగు జవాబులను దాచుకోకండి. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. దాంట్లో ఏ వ్యాసాన్ని ఎన్నిసార్లు చూశారో ఈరోజు ఎవరైనా చూడవచ్చు, ఎవరు చూశారో మాత్రం తెలియదు. మనమూ నెలకొకసారి ఒక పేజీలో ఆ మొత్తాలను పెట్టవచ్చు. 1998లో మొదలైన ఈమాట నాటినుంచి ఇప్పటివరకు తెలుగులో ఎన్నో వెబ్ పత్రికలు వచ్చాయి, కొన్ని ఆగిపోయాయి. ఆగిపోయినవాటి రచనలు కొన్నయినా ఎక్కడో ఒకచోట దొరుకుతున్నాయి. వాటిని ఎంతమంది చదివారన్న లెక్క చాలావరకు ఎక్కడా దొరకదు. రేపు వెబ్‌లో తెలుగు చదువు గురించి పరిశోధన చేయదలచిన విద్యార్థికి ఇవ్వడానికి మన దగ్గర పట్టికలుండాలి.

ఈ లేఖ అందిన వెంటనే చేయవలసిన పని ఒకటుంది. మీ పత్రిక అనలిటిక్స్ ఖాతా ఎవరి ఈమెయిల్ మీద ఉందో కనుక్కోండి. నేను చూసినంతలో అది సాధారణంగా, ఎనిమిదేళ్ల కిందట సైటు కట్టిపెట్టి తరువాత ఉద్యోగరీత్యా డాలస్‌కో సిడ్నీకో వెళ్లిపోయిన స్వచ్ఛంద సేవకుడి సొంత జీమెయిల్ మీద ఉంటుంది. వారు మంచివారే, అడిగితే ఇస్తారు. పత్రిక పేరుమీద ఒక ఈమెయిల్ తెరిచి, దాన్ని ఖాతాకు నిర్వాహకుడిగా చేర్చమని వారికి ఈ వారమే రాయండి. మా పత్రికకు ఆ స్వచ్ఛంద సేవకుణ్ణి నేనే. గత నెలలో ఆ మార్పు చేసి, తాళం చెవులు సంపాదకులకు అప్పగించాను.

భవదీయుడు,
ఒక వెబ్ పత్రిక మాజీ సాంకేతిక సహాయకుడు